అచ్చు కింద పేరు

(నల్లగొండలో డ్రాయింగ్ ఉపాధ్యాయులు, చిత్రకళ విద్యార్థులు, ప్రెస్సు పనివాళ్లు కూడిన సభలో ఒక ముద్రణ చిత్రకారుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ముద్రణ అంటే ఏమిటి, ఆర్టిస్టు అంటే ఎవరు అన్న రెండు ప్రశ్నలు నా చేతికిచ్చి వాటి మీద మాట్లాడమన్నారు. దేనికది తీసుకున్నా చెప్పడానికి చాలా ఉంది గానీ, ఈ ఊళ్లో పెరిగిన నాకు ఆ రెండూ ఎప్పుడూ వేరువేరుగా కనబడలేదు. నా చిన్నతనంలో నల్లగొండలో ఆర్టిస్టు అన్న మాటకు ఒకటే అర్థం ఉండేది. గడియారం సెంటర్ నుంచి బస్టాండు వైపు నడుస్తుంటే ప్రతి దుకాణం బోర్డుకూ ఒక మూలన, చిన్న అక్షరాలతో, ఒక పేరూ దాని పక్కన 'ఆర్ట్స్' అన్న మాటా కనిపించేవి. ఎరువుల దుకాణానికి బోర్డు రాసేవాడు, లారీ వెనక గులాబీ పువ్వు దించేవాడు, ఎన్నికలొస్తే గోడకు సున్నం కొట్టి, దారంతో గీతలు పట్టి, పార్టీ గుర్తును నిచ్చెన మీద నిలబడి గీసేవాడు ఎవడో అతడే మాకు ఆర్టిస్టు. 'కళాకారుడు' అన్న మాటను మన ప్రాంతంలో పాట కట్టి పాడేవాళ్లకూ, డప్పు మీద దరువు వేసేవాళ్లకూ ఇచ్చుకున్నాం. బొమ్మ గీసేవాడికి ఇంగ్లిషు మాటే మిగిలింది.

తర్వాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. నాలుగు రోజులు పట్టే బోర్డు గంటలో తయారవుతుంటే దుకాణదారు నాలుగు రోజులు ఎందుకు ఆగుతాడు? నిచ్చెనలు మూలకు చేరాయి. ఆ ఆర్టిస్టుల్లో కొందరు ఇళ్లకు రంగులు వేయడానికి పోయారు, కొందరు హైదరాబాదులో వాచ్‌మన్లుగా చేరారు, ఒకరిద్దరు మాత్రం కంప్యూటర్ నేర్చుకుని అదే ఫ్లెక్సీ దుకాణాల్లో డిజైనర్లయ్యారు. అందుకే మన ఊళ్లో ఎవరినైనా అడిగి చూడండి, ప్రింటింగ్ వచ్చి ఆర్టిస్టును మింగేసిందనే చెబుతారు. నేను బతుకంతా ప్రింటింగ్ చేస్తూ, నన్ను నేను ఆర్టిస్టునని చెప్పుకుంటున్నవాణ్ణి. ఆ మాట విన్న ప్రతిసారీ దానికి సమాధానం చెప్పవలసిన భారం నా మీద ఉందని అనిపిస్తుంది. ఈ రోజు ఆ పని చేస్తాను.

ముందు మాట దగ్గరే ఆగుదాం. మనకు 'అచ్చు' అన్న మాట ఉంది. బెల్లం పోసే మూస అచ్చు. కాగితం మీద దిగిన అక్షరం అచ్చు. మగ్గం మీద పడుగు పోగులు దూరే భాగాన్ని కూడా నేతవాళ్లు అచ్చు అనే పిలుస్తారు. వ్యాకరణంలో అ, ఆ, ఇ, ఈలు కూడా అచ్చులే గానీ, అది సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చిన సంకేతం, దాని పుట్టుక వేరు కాబట్టి దాన్ని పక్కన పెడతాను. తండ్రి పోలిక కొడుకులో కనబడితే 'అచ్చుగుద్దినట్టు ఉన్నాడు' అంటాం. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ కొడుకును తండ్రికి నకలు అని ఎవరూ అనరు. తండ్రి నుంచి విడిపోయి, తన కాళ్ల మీద తాను నిలబడి, అయినా ఆ పోలికను మోస్తున్న ఇంకొక మనిషి అని ఆ మాటకు అర్థం. నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పనికి ఇంతకంటే మంచి వివరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అదే మాటకు చెడ్డ ముఖం కూడా ఉంది. 'అచ్చోసిన ఆంబోతు' అని తిడతాం. దేవుడి పేర ముద్ర వేసి ఊరి మీద వదిలిన ఎద్దు ఎవరి చేను మేసినా అడగడానికి యజమాని ఉండడు. ముద్ర ఉంటుంది, దాని వెనక పూచీ పడే మనిషి ఉండడు. ఈ 'పూచీ' అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి, నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మూడో మాట 'నిషానీ'. మన తాతల కాలంలో పట్వారీ ముందు, షావుకారు ముందు, కోర్టు ముందు చదువురాని మనిషి బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తేవాడు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో లక్షల మంది తమ జీవితంలో చేసిన ఒకే ఒక ముద్రణ అది. ఒక తలం మీద గట్లూ గాళ్లూ ఉండటం, గట్లకు సిరా అంటడం, ఒత్తిడితో అది కాగితానికి దిగడం అనే క్రమం చెక్క అచ్చుకూ, లినోలియం పలకను చెక్కి తీసే లినో కట్‌కూ, సీసపు అక్షరానికీ ఒక్కటే, వేలిముద్రకూ అదే. చేతిలోనే పలకను మోసుకుని పుడుతున్న మనం దాన్ని చదువురానితనానికి గుర్తుగా చేసి, మనుషులను 'ఏలుముద్రగాళ్లు' అని పిలిచాం. కానీ ఆ ముద్ర వేసిన మనిషి చదవలేని కాగితానికి కూడా పూచీ పడ్డాడు. అప్పు తీర్చాడు, భూమి పోగొట్టుకున్నాడు, మాట మాత్రం తప్పలేదు. సంతకం నేర్చినవాళ్లందరి గురించి అంత మాట చెప్పగలమా?

నా పనిలోకి నేను వచ్చింది చిత్రకళ కళాశాల గుండా కాదు, పెళ్లి పత్రికల గుండా. పదో తరగతి తర్వాత ఈ ఊళ్లోనే ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరుగా, అంటే అచ్చు అక్షరాలు పేర్చేవాడిగా చేరాను. ఒక ట్రెడిల్ మిషన్, గోడ పొడవునా చెక్క కేసులు, వాటి గళ్లలో సీసపు అక్షరాలు ఉండేవి. తెలుగుకు గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా పోతపోసి ఉంటాయి కాబట్టి గళ్లు వందల్లో ఉండేవి. ఏ గడిలో ఏది ఉందో చేతికి తెలిసేదాకా కళ్లకు పని చెప్పకూడదని మా యజమాని అనేవారు. స్టిక్కు అనే చేతిపట్టెలో పేర్చిన అక్షరం తలకిందులుగా, కుడి ఎడమగా కనిపిస్తుంది. ఆరు నెలలకు నాకు అలా చదవడమే సులువైంది, బజారులో బోర్డులు చదవడానికి ఒక్క క్షణం ఆగవలసి వచ్చేది. ప్రపంచాన్ని తిరగేసి చూడగలిగితేనే తప్ప అది కాగితం మీద నిటారుగా దిగదన్న సంగతి నా చేతులకు అక్కడ పట్టుబడింది.

ఒకసారి నార్కట్‌పల్లి వైపు ఒక ఊరి నుంచి వచ్చిన పెళ్లి పత్రికను నేను కూర్చాను. ముహూర్తం గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం. మన పత్రికల్లో ఆ మాటలు ఎలా రాస్తారో మీ అందరికీ తెలుసు. నేను 'గురువారం రాత్రి తెల్లవారితే' అన్నంత భాగం వదిలేసి 'శుక్రవారం రాత్రి' అని కూర్చాను. ప్రూఫు ఎవరూ సరిగ్గా చూడలేదు. మూడు వందల పత్రికలు అచ్చయ్యాయి, పెళ్లివారు తీసుకుపోయారు, సగం పంచారు. నాలుగో రోజు మిగిలిన కార్డుల్లో ఒకటి చేతిలోకి తీసుకున్న మా యజమాని మొహం తెల్లబోయింది. ఆ కార్డు నమ్మి వచ్చిన చుట్టాలు పెళ్లి అయిపోయిన మరుసటి రాత్రి పందిట్లోకి దిగుతారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రే మళ్లీ కూర్పించి, ట్రెడిల్ తానే తొక్కి, తడి ఆరని కార్డులను సైకిల్ మీద కట్టుకుని, తెల్లవారుజామున నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి పోయారు. ఆడపిల్ల తండ్రితో కలిసి ఇల్లిల్లూ తిరిగి పాత కార్డు తీసుకుని కొత్తది ఇచ్చాం. దూరపు ఊళ్లకు పోయినవాటికి ఆయన తన డబ్బుతో ఉత్తరాలు రాశారు. తిరిగి వచ్చేటప్పుడు నేను ఏడుస్తుంటే సైకిల్ ఆపి, కార్డు అడుగున ఉన్న చిన్న అక్షరాలను వేలితో చూపించి ఇట్లా అన్నారు: "ఈడ మన ప్రెస్సు పేరు ఉన్నది సూసినవా బిడ్డా? అది అందానికి ఏసింది కాదు. తప్పు జరిగితే ఏ గడపకు రావాల్నో తెల్వనీకి ఏసింది."

ఆ పేరు వేయడం అప్పటి చట్టం కూడా. 1867 నాటి ప్రెస్సు చట్టం అచ్చయిన ప్రతి పుస్తకం మీదా, పత్రిక మీదా ముద్రాపకుడి పేరు, అచ్చయిన ఊరి పేరు ఉండాలని చెప్పింది. ఎన్నికల కరపత్రం మీద ప్రింటరు పేరూ చిరునామా ఉండి తీరాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఇప్పటికీ చెబుతుంది. బ్రిటిషువాళ్లు మొదటి చట్టాన్ని పత్రికల మీద నిఘా కోసమే తెచ్చారన్నది నిజమే, దాన్ని నేను పొగడటం లేదు. కానీ మా యజమానికి ఆ చట్టం సంగతి గుర్తు కూడా లేదు. ఆయన దృష్టిలో కార్డు కింద పేరంటే పూచీకత్తు.

ఇప్పుడు ముద్రణ చిత్రకళ సంగతికి వస్తాను. ఎచింగ్ గురించి చెప్పాలంటే నేను మా నాయనమ్మ చేతి నుంచి మొదలుపెడతాను. ఆమె ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. పచ్చబొట్టు వేసే ఆమె సూదులతో చర్మాన్ని పొడిచి, పసరు కలిపిన మసి రుద్ది, పైన మిగిలింది తుడిచేస్తుంది. సూది దిగినచోట రంగు లోపల నిలుస్తుంది, దిగనిచోట చర్మం చర్మంలాగే ఉంటుంది. ఎచింగ్ అంటే సరిగ్గా ఇదే. రాగి రేకుకో జింకు రేకుకో మైనం కలిపిన పూత పూసి ఆరనిస్తాం. సూదితో గీస్తే గీసినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే బయటపడ్డ లోహాన్నే ఆమ్లం తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. పూత కడిగి, రేకంతా సిరా పట్టించి, గంజి పెట్టిన పలుచని గుడ్డతో, చివర అరచేతి అంచుతో తుడిస్తే సిరా గాయాల్లో మాత్రమే మిగులుతుంది. తడిపిన కాగితం దాని మీద పరిచి, ఫెల్టు దుప్పట్లు కప్పి, చెరుకు రసం మిషన్‌లా రెండు బరువైన రోలర్లున్న ప్రెస్సులో నుంచి లాగుతాం. కాగితం గీతల లోపలికి దిగి సిరాను ఎత్తుకుని వస్తుంది. అందుకే ఎచింగ్ మీద వేలు పెట్టి చూస్తే గీత కాగితం పైకి ఉబ్బి తగులుతుంది.

ఇందులో ఆర్టిస్టు కుంచె కాగితాన్ని ఎక్కడా తాకలేదు. ఇదే చాలామందికి మింగుడుపడని విషయం. గీసినప్పుడు బొమ్మ కనబడదు, కనబడినప్పుడు కుడి ఎడమ అయి ఉంటుంది, మధ్యలో ఆమ్లం తన ఇష్టం తాను నడిపిస్తుంది. కాగితాన్ని రేకు మీద నుంచి ఒక మూల పట్టుకుని మెల్లగా లేపే క్షణం ఒకటి ఉంటుంది. ఎన్ని వందల సార్లు లేపినా ఆ క్షణంలో నా చేతులు ఇప్పటికీ వణుకుతాయి. ఆ మొదటి ప్రతిని వెలుతురులోకి పట్టి చూసి 'ఇంకా కాలేదు' అని చెప్పగలగడం, చెప్పి మళ్లీ రేకు ముందు కూర్చోవడం నాకు తెలిసినంతలో ఆర్టిస్టుతనం. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ తన మూడు శిలువల చిత్రపు రేకును ఒకసారి పూర్తిచేసి, ప్రతులు కూడా తీసి, మళ్లీ దాన్ని గీకి గీకి దాదాపు కొత్త చిత్రంగా మార్చాడు. చేతిలో నేర్పు ఎంతమందికైనా ఉంటుంది, 'ఇంకా కాలేదు' అన్న మాట అంత సులువుగా రాదు.

తాకడం, ఒత్తడం, విడిపోవడం ఈ మూడూ ఉంటేనే అచ్చు. మన పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడి వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభపు నీడ నిలిచి ఉంటుంది, సూర్యుడు ఎటు తిరిగినా అది చెదరదు. విద్యార్థులను అక్కడికి తీసుకుపోయినప్పుడల్లా ఆ నీడ ముద్రేనా అని అడుగుతారు. కాదనే చెబుతాను. నీడ గోడను తాకదు, గోడ దాన్ని ఉంచుకోదు, పొద్దు గూకితే ఏమీ మిగలదు. అంత అద్భుతమైన రూపాన్ని ముద్ర అనడానికి నాకు మనసొప్పకపోవడానికి కారణం అదొక్కటే.

'ఒకే రేకు నుంచి ఇరవై తీస్తే అందులో అసలుది ఏది?' అని అడుగుతారు. ప్రెస్సు తర్వాత నేను చిత్రకళ చదువుకునే రోజుల్లో ఒక ప్రదర్శనకు నా ఎచింగులు పంపితే, కాపీలను పోటీకి తీసుకోబోమని తిప్పి పంపారు. అప్పుడు నాకు సమాధానం చెప్పడం రాలేదు. ఇప్పుడు చెబుతాను. ఇరవైలో ఇరవయ్యీ అసలువే. ఎక్కడో గోడకు తగిలించిన అసలు చిత్రం ఒకటుండి వీటిని దానికి ఫొటో తీయలేదు. రేకు చిత్రం కాదు, దాని మీద సిరా లేనప్పుడు అది గీతలు పడ్డ లోహపు ముక్క. చిత్రం కాగితం మీదే మొదటిసారి పుడుతుంది, ఇరవై సార్లు పుడుతుంది. ప్రతిసారీ సిరా మళ్లీ పూయాలి, మళ్లీ తుడవాలి, కాబట్టి ఏ రెండూ పూర్తిగా ఒక్కలా ఉండవు. అందుకే ప్రతి దాని కిందా పెన్సిలుతో 3/20 అనో 7/20 అనో రాసి సంతకం పెడతాం. ఇరవైకి మించి తీయనని అందులో మాట ఇచ్చినట్టు. వరుస పూర్తయ్యాక రేకు మీద అడ్డంగా గీత కొట్టేసి దాన్ని పనికిరాకుండా చేసే అలవాటు కూడా ఉంది. పెన్సిలు రాత అలంకారమని అనుకునేవాళ్లకు మా ప్రెస్సు యజమాని మాటే చెప్పాలి.

ఈ కళను మనవాళ్లు ఎంత దూరం తీసుకుపోయారో విద్యార్థులకు తెలియాలి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే ముద్రణ చిత్రకారుడు నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలలో చేరి, ఒకే రేకు మీద అనేక రంగులను ఒకేసారి అచ్చుకు ఎక్కించే పద్ధతిని ఆ బృందంతో కలిసి రూపొందించాడు. ఆ పద్ధతికి మూలం సిరా చిక్కదనం. నూనె పాలు తేడాగా ఉన్న సిరాలు ఒకదాని మీదకు ఒకటి పోకుండా ఆగుతాయి. మెత్తని రోలరు రేకు లోతుల్లోకి దిగితే గట్టి రోలరు పైతలాన్ని మాత్రమే తాకుతుంది. శిల్పి కావడం వల్ల ఆయన రేకును కాగితంలా చూడలేదు, కొండలూ లోయలూ ఉన్న నేలలా చెక్కాడు. మెదక్ ప్రాంతపు నిజాంపూరులో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో ముద్రణ నేర్చుకుని వచ్చి, మేకలు, చెట్లు, ఊరి ఆడామగా, వాళ్ల సిగ్గులేని ప్రాణశక్తి మొత్తాన్నీ సూదిమొన గీతల్లోకి దించాడు. తెలంగాణ పల్లెకు ఎచింగ్ ఎంత సరిపోతుందో ఆయన రేకులు చూశాకే నాకు తెలిసింది. పల్లేరుకాయ గీసుకుపోయిన కాలి మీది గీతలాంటివి ఆ గీతలు.

ఇక్కడ నేతవాళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి, వాళ్లలో ఒకరు నన్ను ముందే అడిగిన ప్రశ్నకు కాస్త ఎక్కువసేపు వెచ్చిస్తాను. 'పోచంపల్లి డిజైనును మిల్లు గుడ్డ మీద ప్రింటు చేసి పదో వంతు ధరకు అమ్ముతున్నారు, మమ్మల్ని ముంచింది ప్రింటే కదా, మీరు దాన్ని కళ అంటారేమిటి?' అన్నది ఆ ప్రశ్న. ఆ కోపం న్యాయమైనది. చిటికి పనిలో డిజైను గుడ్డ మీద ఉండదు, నేయక ముందే నూలులో ఉంటుంది. పోగులను లెక్కపెట్టి, రబ్బరు ముక్కలతో ముడులు కట్టి, అద్దకం వేసి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ అద్ది, ఆ పోగులను మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి సరిచూసి నేస్తే అప్పుడు పువ్వో ఏనుగో బయటపడుతుంది. పుట్టపాకలో తేలియా రుమాలుకైతే నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అసలు చిటికి గుడ్డను తిరగేస్తే రెండు వైపులా రంగు ఒక్కలాగే ఉంటుంది, పైపై ప్రింటు వేసిన గుడ్డ వెనక వైపు వెలవెలపోతుంది.

అయినా అక్కడ తప్పు ప్రింటుది కాదని నేను అంటాను. మచిలీపట్నం దగ్గర చెక్క దిమ్మలతో గుడ్డ మీద అద్దే కలంకారీ కూడా ప్రింటే. దిమ్మ చెక్కేవాడు ఒకడు, అద్దేవాడు ఒకడు, ఉడికించి ఉతికేవాడు ఇంకొకడు. ముగ్గురి చేతులూ కలిస్తేనే ఆ గుడ్డ. అది తన పేరు తాను చెప్పుకుంటుంది, తాను కానిదాన్నని చెప్పదు. మిల్లు ప్రింటు చేసిన నేరం ఒకటే, తనది కాని పేరు మీద అమ్ముడుపోవడం. ఆ డిజైను వెనక ఉన్న వేళ్లకు పూచీ పడకుండా వాటి కష్టాన్ని ఎత్తుకుపోవడం.

యంత్రం వస్తే కళ పోతుందన్న మాట కూడా నేను ఒప్పుకోను. ఇదే పాత నల్లగొండ జిల్లాలోని శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోస్తూ భుజం నొప్పితో పడే బాధ చూడలేక యంత్రం కట్టాడు. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించాలి, రోజుకు రెండు చీరలకు పోసేవాళ్లు. 1999లో ఆ లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఆ తల్లి భుజాన్ని కాపాడింది గానీ డిజైనును ఎత్తుకుపోలేదు. ముడి ఎక్కడ కట్టాలో, ఏ ఎరుపు ఎరుపో నిర్ణయించే మనిషిని ఆ కుర్చీలోంచి లేపలేదు. గోడ మీద అక్షరాలు రాసిన మా ఊరి ఆర్టిస్టుల విషయంలో మనం చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. వాళ్ల నిచ్చెన బరువును మిషనుకు ఇచ్చి ఊరుకోలేదు, అక్షరం ఎలా వంగాలో చూసే వాళ్ల కంటిని కూడా అక్కర్లేదని పంపేశాం. ఇవాళ నల్లగొండ వీధుల్లో ఏ ఫ్లెక్సీ చూసినా అక్షరాలన్నీ నాలుగైదు ఫాంట్లవే. ఇప్పుడు ఒక వాక్యం టైపు చేస్తే బొమ్మ గీసిచ్చే యంత్రాలు కూడా ఫోనులోకి వచ్చాయి. అవి వద్దని విద్యార్థులకు నేను చెప్పను. ఆ బొమ్మ చూసి 'ఇంకా కాలేదు' అన్నది ఎవరు, దాని కింద పేరు పెట్టి నిలబడేది ఎవరు అని మాత్రం అడగమంటాను.

అచ్చుతప్పును తెలుగులో 'ముద్రారాక్షసం' అంటాం. ఆ మాట విశాఖదత్తుడి నాటకం నుంచి వచ్చింది. అందులో రాక్షసుడు భూతం కాదు, నందుల మంత్రి, తన ప్రభువులు పోయాక కూడా వాళ్ల పట్ల విశ్వాసం వదలనివాడు. అతడి పేరున్న ముద్రుంగరం చాణక్యుడి చేతికి చిక్కుతుంది. అతడు రాయని ఉత్తరం మీద అతడి ముద్ర పడుతుంది, దానితో అతడి మిత్రబంధాలన్నీ కూలిపోతాయి. అక్షరం తారుమారైన చిన్న పొరపాటుకు మన పెద్దలు ఇంత పెద్ద కథలోంచి పేరు తెచ్చిపెట్టారంటే, ముద్ర తప్పు చేతిలో పడటం ఎంత ప్రమాదమో వాళ్లకు తెలిసే ఉంటుంది.

ముద్ర సరైన చేతిలో పడ్డ సందర్భాలు కూడా ఈ నేల మీద ఉన్నాయి. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం పాలనలో 1922లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ఈ ఊరి నుంచి 'నీలగిరి పత్రిక'ను తెలుగులో నడిపాడు. అలంపురం ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక' పెట్టాడు. తెలంగాణలో కవులే లేరన్న అర్థం వచ్చే మాట ఒకటి ఆ రోజుల్లో అచ్చులోకి ఎక్కింది. దానికి ప్రతాపరెడ్డి వాదన రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవుల పేర్లతో, రచనలతో ఒక సంచిక అచ్చువేశాడు. ఆ పేర్లలో చాలావాటిని అంతకుముందు తమ ఊరి పొలిమేర దాటి ఎవరూ విని ఉండరు. 354 మందికి ఒక్క మనిషి పూచీ పడ్డాడు. ప్రతాపరెడ్డి చిత్రకారుడు కాదు గానీ, అచ్చు అన్న మాటకు అర్థం చెప్పమని నన్నెవరైనా అడిగితే ఆ సంచికనే చూపిస్తాను.

మన ఇళ్లలోని దేవుడి పటాలను కూడా మరచిపోకూడదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో రాతి అచ్చు ముద్రణాలయం పెట్టి లక్ష్మినీ సరస్వతినీ రంగుల్లో అచ్చువేయించాడు. గుడి గడప ఎక్కనివ్వని మనుషుల ఇంట్లోకి కూడా దేవత కాగితం మీద నడిచి వచ్చింది. ఒకే రాళ్ల నుంచి దిగిన వేల పటాల్లో, ఒక ఇల్లాలు తన పటానికి పసుపు కుంకుమ పెట్టగానే అది ఆ ఇంటి లక్ష్మి అయిపోయింది. పక్కింటి పటం దీనికి కాపీ అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ప్రతుల గురించి నన్ను తిప్పి పంపిన ఆ ప్రదర్శనవాళ్ల కంటే ఆ ఇల్లాలికి ముద్రణ బాగా తెలుసు.

చివరగా నా పని గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. మర్రిగూడ, చండూరు వైపు ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు మనుషుల మీద వేసిన ముద్ర మీకు చెప్పనక్కర్లేదు. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, తర్వాత వంగని మోకాళ్లు, వంకరపోయిన ఎముకలు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని పదార్థం తరాల తరబడి ఒంట్లోకి దిగితే జరిగేది అది. నేల లోపలి రాయి నీటిలోకి, నీరు ఎముకలోకి దిగిన ఆ ముద్రణను ఎవరూ కోరుకోలేదు, దానికి పూచీ పడటానికీ ఎవరూ ముందుకు రాలేదు. దాన్ని ఎలా చూపించాలో నాకు చాలాకాలం తెలియలేదు. ఫొటోలు అప్పటికే చాలామంది తీశారు. బెంగాల్ చిత్రకారుడు సోమనాథ్ హోర్ 1970లలో తెల్లని కాగితపు గుజ్జు మీద, సిరా అన్నదే లేకుండా, గాయాలను అచ్చువేశాడు. తెలుపు మీద తెలుపు. చూపుతో వెతికితే తప్ప కనబడవు, కనబడ్డాక చూపు మరల్చుకోలేం. ఆ పని చూశాక నాకు దారి దొరికింది. సిరా లేకుండా, ఆ ఊళ్ల పెద్దవాళ్ల అరచేతుల ముద్రలను మైనంలో తీసుకుని, వాటి నుంచి పలకలు పోసి, తడి కాగితం మీద ఒత్తిడితో మాత్రమే దించాను. వెలుతురు పక్కనుంచి పడితే ఆ వంకర వేళ్లు కాగితం మీద లేచి నిలబడతాయి.

ఒక ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన అవ్వ నా ముందు కూర్చుని, అరచేతిని మెత్తని మైనంలో పెడుతూ అడిగింది.

"ఎన్ని కాయితాలు తీస్తవు బిడ్డా?"

"పన్నెండవ్వా."

"పన్నెండిట్ల నేనే ఉంట గద?"

"అన్నిట్ల నువ్వే ఉంటవు."

ఆమె కాసేపు ఊరుకుని, "భూమి కాయితం మీద ఒత్తిన, అప్పు కాయితం మీద ఒత్తిన, పింఛన్ కాడ ఒత్తిన. ఇన్నేండ్లల్ల నేను ఒత్తిన ఒక్క కాయితం నా ఇంటికి రాలే" అంది.

వరుస అచ్చయిన రోజున 1/12 అని రాసిన ప్రతిని తీసుకుని ఆ ఊరికి పోయాను. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పి తన చెయ్యి లేచి కనబడేదాకా చూసింది, కింద నా పేరు పక్కన తన ఏలు ఒత్తుతానంది. నా దగ్గరున్న సిరా పూసి ఒత్తించాను. మిగిలిన పదకొండింటి మీద కూడా ఇప్పుడు రెండు ముద్రలు ఉన్నాయి.